యెరూషలేము కొరకు ప్రార్థించే మనము తెలుసుకోవలసిన కొన్ని సంగతులు



ఆదివారపు ఆరాధనలో విజ్ఞాపన సమయము వచ్చిందంటే మన సంఘాలలో తప్పకుండా వినబడే ప్రార్థన ఒకటుంది, యెరూషలేము క్షేమము కొరకు. 122వ కీర్తన మనకు నేర్పినదే అది. 2023 అక్టోబరులో ఒక ఆదివారం మేము ఆ ప్రార్థన దగ్గర తడబడ్డాము. మా సంఘములో ఒక తల్లికి కూతురు ఇశ్రాయేలులో ఉంది, ముసలివారిని చూసుకునే కేర్‌గివర్ పని. ఆమె వెనుక చాప మీదే ఇంకొక తల్లి. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఆ రోజు ఒక సహోదరి లేచి, ఇశ్రాయేలుకు జయమివ్వు ప్రభువా, అరబ్బులను అణచివేయి ప్రభువా అని గొంతెత్తి ప్రార్థించింది. అందరూ ఆమెన్ అన్నారు. కువైట్ తల్లి అనలేదు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, "అయ్యగారండీ, అరబ్బులంటే మా వాడి సేటు కూడా వస్తాడాండీ?" అని అడిగింది.

మా దగ్గర సమాధానము లేదు. ఆమె కొడుకు జ్వరంతో పడితే ఆ సేటే ఆసుపత్రికి తీసుకుపోయాడని ఆమె అంతకు ముందు సాక్ష్యములో చెప్పింది. మేమే స్తోత్రము చెప్పించాము.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. మేము చిన్నవాళ్ళముగా ఉన్నప్పుడు, 1993 తరువాత, ఒక కన్వెన్షన్‌లో ప్రసంగీకుడొకాయన గుడ్డ మీద వేయించిన చార్టు కట్టి, అప్పుడే జరిగిన ఓస్లో ఒప్పందమే దానియేలు 9వ అధ్యాయములోని ఏడేండ్ల నిబంధన అని, 1993కి ఏడు కలిపితే ఎంత అని మా చేత లెక్క చెప్పించారు. 2000 అన్నాము. ఆ సంవత్సరము వచ్చింది, వెళ్ళింది. తరువాత మేమే సేవకులమైనాము. 2020లో అబ్రాహాము ఒప్పందాలు జరిగినప్పుడు అలాంటి చార్టే మేమూ కట్టాము. శాంతి అని ఎవరు మాట్లాడినా వాడు క్రీస్తు విరోధి మనిషే అన్నట్టుగా బోధించాము. ఆ కువైట్ తల్లి అడిగిన రోజు నుండి మేము ఆ చార్టు మడిచి, అసలు ఆ బల్లల దగ్గర ఎవరు కూర్చున్నారు, ఏమి మాట్లాడుకున్నారు, ఏమి పోగొట్టుకున్నారు అని చదవడం మొదలుపెట్టాము. చదివినదానిలో కొంత ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట వాక్యములో ఒక చోటికి వెళ్దాం. ఇష్మాయేలు, ఇస్సాకు అనగానే మనకు ఎడారిలోకి పంపివేయబడిన హాగరు గుర్తుకొస్తుంది. కానీ ఆదికాండము 25:9 చదవండి. అబ్రాహాము చనిపోయినప్పుడు ఆ ఇద్దరు కుమారులు కలిసి వచ్చి, హెబ్రోనులోని మక్పేలా గుహలో తండ్రిని పాతిపెట్టారు. ఎవరు ఎవరికి కబురు పంపారో, దారిలో ఏమి మాట్లాడుకున్నారో వాక్యము చెప్పలేదు. ఆ గుహ కూడా అబ్రాహాము హేతు కుమారులతో ఊరి గవిని దగ్గర బేరమాడి, 400 తులముల వెండి తూచి కొన్నదే. ఈ హెబ్రోను దగ్గరికి మళ్ళీ రావలసి ఉంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పటి కాలానికి వస్తే, మొదటి ప్రయత్నము 1919 జనవరి 3న జరిగింది. అరబ్బుల తరఫున అమీర్ ఫైసల్, యూదుల తరఫున కయీమ్ వైజ్‌మన్ ఒక కాగితం మీద సంతకము చేశారు. ఫైసల్ తన చేతివ్రాతతో ఒక షరతు చేర్చారు, అరబ్బులకు ఇస్తామన్న స్వాతంత్ర్యము ఇస్తేనే ఇది చెల్లుతుంది అని. ఇవ్వలేదు, చెల్లలేదు. ఆ దేశములో నివసిస్తున్న పాలస్తీనా అరబ్బులను ఆ కాగితం గురించి అడిగినవారూ లేరు. ఈ చివరి మాట ఈ చరిత్రలో పదే పదే వస్తుంది.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి ఆ దేశమును రెండుగా పంచాలని తీర్మానించింది. 33 దేశాలు అనుకూలము, 13 వ్యతిరేకము, 10 తటస్థము. మన భారతదేశము వ్యతిరేకముగా ఓటు వేసింది. అప్పటికి మూడు నెలల క్రితమే మన దేశము రెండుగా చీలి రక్తము కారింది కదా. యూదులు ఒప్పుకున్నారు, అరబ్బులు ఒప్పుకోలేదు, యుద్ధము వచ్చింది. ఐరోపాలో 60 లక్షల మందిని పోగొట్టుకున్న జనాంగానికి 1948లో ఒక దేశము దొరికింది. అదే సంవత్సరము సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇల్లు వాకిలి విడిచి శరణార్థులైనారు. ఆ తరువాతి సంవత్సరాలలో అరబ్బు దేశాలలోని యూదులు లక్షల సంఖ్యలో తాము పుట్టిన ఊళ్ళు విడిచి రావలసి వచ్చింది. మనము ఈ మూడింటిలో మొదటిదే ప్రసంగాలలో చెబుతాము.

సమితి పంపిన మధ్యవర్తి స్వీడన్ దేశస్థుడు ఫోక్ బెర్నడాట్. 1948 సెప్టెంబరు 17న ఆయనను యెరూషలేములోనే ఒక యూదు తీవ్రవాద ముఠా కాల్చి చంపింది. ఆయన స్థానములోకి వచ్చినవారు రాల్ఫ్ బంచ్ అనే అమెరికా నల్లజాతీయుడు. తన సొంత దేశములో తెల్లవారితో సమానముగా కూర్చోనివ్వని కాలములో, ఈయన రెండు జనాంగాలను కూర్చోబెట్టడానికి రోదు ద్వీపానికి వెళ్ళారు. పౌలు ఓడ మీద ఆగిన రోదే అది, అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయము. ఒకే హోటలు, ఇశ్రాయేలీయులు ఒక అంతస్తు, ఐగుప్తీయులు ఒక అంతస్తు. మొదట ఎదురుపడినా పలకరించుకోలేదట. మన ఊళ్ళలో అన్నదమ్ముల తగవులో పెద్దమనిషి ఈ అరుగు మీదికి, ఆ అరుగు మీదికి తిరిగినట్టు బంచ్ మెట్లు ఎక్కి దిగారు. ఒప్పందము కుదిరితే తలా ఒకటి ఇస్తానని ఆయన పింగాణి పళ్ళెములు చేయించి చూపించారని, కుదరకపోతే వాటిని మీ తలల మీదే పగలగొడతానని నవ్వించారని ఒక కథ చెబుతారు. 1949 ఫిబ్రవరి 24న ఐగుప్తుతో కుదిరింది. జూలై లోపల లెబానోను, జోర్డాన్, సిరియాలతోనూ కుదిరింది. అది సమాధానము కాదు, ఆయుధాలు దించే ఒప్పందము మాత్రమే. అయినా 1950లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము ఇచ్చారు, నల్లజాతివారిలో ఆయనే మొదటివారు.

అప్పటికే జోర్డాన్ రాజు అబ్దుల్లా ఇశ్రాయేలుతో రహస్యముగా మాట్లాడుతున్నారు. 1951 జూలై 20, శుక్రవారం, ఆయన యెరూషలేములోని అల్ అక్సా మసీదుకు నమాజుకు వెళ్ళినప్పుడు ఒక పాలస్తీనీయుడు కాల్చి చంపాడు. పక్కన 15 ఏళ్ల మనవడు హుస్సేన్ ఉన్నాడు. ఆ అబ్బాయి ఛాతీ మీద ఉన్న పతకానికి తగిలి ఒక గుండు పక్కకు పోయింది. ఈ అబ్బాయిని కూడా గుర్తుపెట్టుకోండి.

1967 జూన్ యుద్ధము ఆరు రోజులే. దాని గురించి మన ప్రసంగాలలో చాలా విన్నారు కనుక మేము చెప్పము. ఆ సంవత్సరము నవంబరు 22న సమితి భద్రతా మండలి చేసిన 242వ తీర్మానము గురించి మాత్రం ఒక మాట. ఆక్రమించిన భూభాగముల నుండి ఇశ్రాయేలు వైదొలగాలి, దానికి బదులు పొరుగువారు దానిని శాంతితో బ్రతకనివ్వాలి. సారాంశము ఇదే. అయితే ఇంగ్లీషు పాఠములో 'భూభాగముల' ముందు 'ది' అనే పదము లేదు. కాబట్టి అన్నిటి నుండి కాదు, కొన్నిటి నుండే అని ఇశ్రాయేలు అంటుంది. ఫ్రెంచి పాఠము చూడండి, అన్నీ అని అర్థము వస్తుంది అని అరబ్బులు అంటారు. తెలుగులో ఆ పదమే లేదు కనుక మనకు ఈ గొడవ ఎందుకో అర్థము కాదు. కానీ ఒక చిన్న పదము మీద ఒక తరమంతా వాదించుకుంది. వాక్యములో పొల్లు కూడా వదలకూడదని నేర్చుకున్న మనము దీన్ని చూసి నవ్వనక్కరలేదు.

1973 అక్టోబరు 6న, యూదుల ప్రాయశ్చిత్త దినమున, ఐగుప్తు, సిరియా యుద్ధము మొదలుపెట్టాయి. ఐగుప్తు అధ్యక్షుడు అన్వర్ సాదత్. ఆ యుద్ధము చివర కైరో, సూయజు రోడ్డు మీద 101వ కిలోమీటరు రాయి దగ్గర ఒక డేరా వేసి, ఐగుప్తు సేనాధిపతి గమాసీ, ఇశ్రాయేలు సేనాధిపతి యారీవ్ కూర్చున్నారు. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు ఫిరంగులు పేల్చుకున్న ఇద్దరు, ఎడారిలో. అక్కడి నుండి నాలుగేళ్లకు సాదత్ చేసిన పని లోకానికి నమ్మశక్యము కాలేదు. 1977 నవంబరు 9న తన పార్లమెంటులో, అవసరమైతే ఇశ్రాయేలు పార్లమెంటుకైనా వెళ్తాను అన్నారు. మాట వరుసకు అన్నారనుకున్నారు. ఆయన విదేశాంగ మంత్రి రాజీనామా చేశారు. నవంబరు 19, శనివారం, విశ్రాంతిదినము ముగిసిన తరువాత చీకటి పడ్డాక ఆయన విమానము లోదు దగ్గర దిగింది. పేతురు ఐనెయను లేపిన లుద్ద ఊరు అదే. మరునాడు బక్రీదు. సాదత్ ఉదయము అల్ అక్సాలో నమాజు చేశారు, మన ప్రభువు సమాధి ఉందని చెప్పే ఆలయము చూశారు, నాజీలు చంపిన యూదుల స్మారకస్థలము చూశారు, తరువాత పార్లమెంటులో నిలబడి మాట్లాడారు. అబ్రాహాము తన కుమారుని బలిపీఠము మీద పెట్టిన సంగతిని జ్ఞాపకము చేసుకునే పండుగ అది. ఆ కుమారుడు ఎవరన్న దానిలో మనకూ వారికీ తేడా ఉన్నది. అయినా ఆ రోజున ఆ పట్టణములో ఆ మనిషి నిలబడ్డాడని తెలిసినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది.

ఇక కేంప్ డేవిడ్. ఇది కొంచెము వివరముగా చెప్పాలి.

అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ బాప్టిస్టు, సండే స్కూలు టీచరు. పదవి దిగిన తరువాత కూడా ముసలితనము వరకు తన సొంత ఊరు ప్లెయిన్స్‌లోని చిన్న సంఘములో పాఠము చెప్పారు. 2024 డిసెంబరులో నూరేళ్ల వయసులో ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆయన 1978 సెప్టెంబరు 5న సాదత్‌ను, ఇశ్రాయేలు ప్రధాని మెనాకెమ్ బెగిన్‌ను కొండ మీద చెట్ల మధ్య ఉన్న తన విడిది గృహానికి పిలిచారు. ఈ ఇద్దరూ దేవదూతలు కారు. బెగిన్ తల్లిదండ్రులను, అన్నను నాజీలు చంపారు. ఆయన నడిపిన దళము 1946లో యెరూషలేములోని కింగ్ డేవిడ్ హోటలును పేల్చి 91 మందిని చంపింది. సాదత్ యూదుల పరిశుద్ధ దినమున యుద్ధము మొదలుపెట్టినవారు. మొదటనే ముగ్గురూ కలిసి, అన్ని మతాలవారూ ఈ పని కొరకు ప్రార్థించండి అని ఒక ప్రకటన ఇచ్చారు. అక్కడున్న పదమూడు దినములలో శుక్రవారం ముస్లింలు, శనివారం యూదులు, ఆదివారం క్రైస్తవులు ఎవరి ఆరాధన వారు చేసుకున్నారు.

మొదటి మూడు రోజులలోనే సాదత్, బెగిన్ మాటలు కేకలైనాయి. ఇక వీరిని ఒక గదిలో ఉంచితే పని చెడుతుందని కార్టర్‌కు అర్థమైంది. ఆ తరువాత చర్చల కోసం ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోలేదు. కార్టరే ఒక కాగితము వ్రాసి, ఈ కుటీరానికి తీసుకువెళ్ళి దిద్దించుకుని, ఆ కుటీరానికి తీసుకువెళ్ళారు. అలా 23 చిత్తుప్రతులు. నడుమ ఆదివారం ఇద్దరినీ కారులో గెట్టిస్‌బర్గ్ తీసుకువెళ్ళి, అమెరికా అంతర్యుద్ధములో సొంత అన్నదమ్ములే చంపుకున్న పొలాలు చూపించారు. అక్కడ లింకన్ చేసిన ప్రసంగాన్ని బెగిన్ కంఠతా చెప్పారు.

పదకొండవ రోజున సాదత్ పెట్టెలు సర్దుకున్నారు. కార్టర్ ఆయన కుటీరానికి వెళ్ళి నిలబడి ఆపారు. చివరి రోజున యెరూషలేము గురించి అమెరికా వ్రాసిన ఉత్తరము దగ్గర బెగిన్ వెళ్ళిపోతానన్నారు. అంతకు ముందు బెగిన్ తన మనవళ్ళు, మనవరాళ్ళ కోసం ముగ్గురూ ఉన్న ఫోటోల మీద సంతకము కావాలని అడిగి ఉన్నారు. కార్టర్ ఊరికే సంతకము చేయకుండా, ఆ పిల్లల పేర్లు కనుక్కుని ఒక్కొక్క ఫోటో మీద ఒక్కొక్క పేరు తన చేతితో వ్రాసి, స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చారు. బెగిన్ ఆ పేర్లు ఒక్కొక్కటి పైకి చదువుతూ ఉంటే పెదవులు వణికాయి. ఉత్తరములోని మాటలు మార్చారు, బెగిన్ ఉండిపోయారు. ఆ రాత్రే, సెప్టెంబరు 17న, వాషింగ్టన్‌లో సంతకాలైనాయి.

ఫోటోలే ఒప్పందము చేశాయని మేము అనడము లేదు. సీనాయి ఎడారి ఇచ్చివేయడానికి, అందులో కట్టిన ఊళ్ళు ఖాళీ చేయడానికి బెగిన్ ఒప్పుకోవడమే అసలు సంగతి. ఆ విషయములో ఆయన తన పార్లమెంటునే నిర్ణయించమన్నారు, 84 మంది ఔనన్నారు, 19 మంది కాదన్నారు, 17 మంది ఓటు వేయలేదు. 1979 మార్చి 26న సంధి అయింది. 1982 ఏప్రిల్‌లో యమీత్ ఊరి ఇళ్ళ పైకప్పులెక్కి దిగనన్న యూదులను యూదు సైనికులే దించారు. ఎర్ర సముద్రపు ఒడ్డున తాబా అనే చిన్న ముక్క మీద మాత్రం పేచీ మిగిలింది. పాత హద్దురాళ్ళు ఎక్కడ ఉండేవి అన్నదే ప్రశ్న. తుపాకులకు బదులు మధ్యవర్తుల న్యాయస్థానానికి వెళ్ళారు. పటాలు, పాత ఫోటోలు పెట్టి వాదించుకున్నారు. 1988లో తీర్పు ఐగుప్తు పక్షాన వచ్చింది, మరుసటి సంవత్సరము ఇశ్రాయేలు ఆ ముక్క ఇచ్చివేసింది. గట్టు జరిపిన తగవులో తల్లి పోయినా కోర్టు వదలని మన పల్లెలవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

దీనికి వెల ఎవరు చెల్లించారు? ఐగుప్తును అరబ్బు దేశాల కూటమి నుండి పక్కన పెట్టారు, పదేళ్లు. 1981 అక్టోబరు 6న, తాను యుద్ధము మొదలుపెట్టిన దినపు వార్షికోత్సవములోనే, సాదత్‌ను తన సొంత సైనికులు కాల్చి చంపారు. ఇంకొక వెల కూడా ఉంది. కేంప్ డేవిడ్ కాగితాలు రెండు. ఒకటి ఐగుప్తు గురించి, అది నిలిచింది. రెండవది పాలస్తీనీయుల స్వపరిపాలన గురించి, అది కాగితముగానే మిగిలింది. వారు ఆ కొండ మీద లేరు. 1919లోనూ లేరు కదా.

వారు మొదటిసారి బల్ల దగ్గరికి వచ్చింది 1991 అక్టోబరు 30న, మాడ్రిడ్‌లో, అదీ జోర్డాన్‌వారితో కలిపి. గాజాకు చెందిన వైద్యుడు హైదర్ అబ్దుల్ షాఫీ వారికి పెద్ద. వారి తరఫున లోకానికి మాట్లాడినవారు హనాన్ అష్రావీ, రామల్లాలోని ఆంగ్లికన్ క్రైస్తవ కుటుంబపు స్త్రీ. పాలస్తీనీయులలో క్రైస్తవులున్నారా అని మా సంఘములో చాలామంది ఆశ్చర్యపోయారు. బేత్లెహేములో క్రిస్మస్ ఆరాధన ఎవరు చేస్తున్నారనుకున్నారో! మాడ్రిడ్ తరువాత మూడు నెలలకు, 1992 జనవరిలో, మన దేశము ఇశ్రాయేలుతో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఈరోజు మన పిల్లలు అక్కడ కేర్‌గివర్ పనికి వెళ్ళగలుగుతున్నారంటే ఆ తలుపు అప్పుడు తెరుచుకున్నదే.

మాడ్రిడ్ చర్చలు కెమెరాల ముందు కదలక నిలిచిపోయాయి. నార్వేలో ఎవరికీ తెలియకుండా ఇద్దరు ఇశ్రాయేలు ఆచార్యులు, హిర్ష్‌ఫెల్డ్, పుండక్, పీఎల్‌ఓ తరఫున అహ్మద్ ఖురేయ్ 1993 జనవరిలో కలిశారు. పరిశోధన సదస్సు అని చెప్పుకున్నారు. ఆ సెప్టెంబరు 13న రాబిన్, అరాఫత్ చేయి కలిపారు. మా ప్రసంగీకుడు చార్టు కట్టింది దీనికే. యెరూషలేము, శరణార్థులు, యూదు వలస గ్రామాలు, సరిహద్దులు అన్న పెద్ద ప్రశ్నలన్నీ తరువాత చూద్దామని వాయిదా వేశారు. మా అల్పజ్ఞానానికి ఓస్లోలో తప్పు అదే అనిపిస్తుంది. వాయిదా వేసిన కాలములో పని చేసింది శాంతి కోరినవారు కాదు. వలస గ్రామాలు పెరుగుతూనే వచ్చాయి, బాంబులు పేలుతూనే వచ్చాయి.

ఇప్పుడు హెబ్రోను. 1994 ఫిబ్రవరి 25, శుక్రవారం తెల్లవారుజాము, రంజాను నెల. మక్పేలా గుహ మీద కట్టిన మసీదులో నమాజు చేస్తున్నవారి మీద బరూక్ గోల్డ్‌స్టీన్ అనే యూదు వైద్యుడు తుపాకీ పేల్చి 29 మందిని చంపాడు. ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి తండ్రిని పెట్టిన చోటు. ఏప్రిల్‌లో హమాస్‌వారి ఆత్మాహుతి దాడులు జరిగినాయి, బస్సులలో వెళ్ళే మామూలు జనము మీద. 1995 నవంబరు 4న శాంతి సభ ముగించుకుని కారు ఎక్కబోతున్న రాబిన్‌ను ఒక యూదు విద్యార్థి, యిగల్ అమీర్, కాల్చి చంపాడు. దేవుని ధర్మశాస్త్రము ప్రకారమే చేశానని అతడు చెప్పుకున్నాడు. లేఖనము చేతిలో ఉన్న మనిషి అలా అనడము సేవకులమైన మమ్మల్ని భయపెట్టింది.

అబ్దుల్లాను, సాదత్‌ను, రాబిన్‌ను లెక్కపెట్టండి. ఏ ఒక్కరినీ శత్రుదేశపు సైన్యము చంపలేదు.

ఇక తాత పక్కన నిలబడిన ఆ పదిహేనేళ్ల అబ్బాయి. హుస్సేన్ రాజు 1994 అక్టోబరు 26న అరాబా ఎడారిలో రాబిన్‌తో సంధి చేసుకున్నారు. ఆ సంధిలో మాకు అందరికంటే ఇష్టమైన భాగము నీళ్ళ గురించినది, అందరూ దాటవేసేది. ఆదికాండము 26లో ఇస్సాకు బావులు త్రవ్వించడము, గెరారు కాపరులు ఈ నీరు మాదే అనడము, ఇస్సాకు ఇంకొక బావికి జరగడము మనకు తెలిసినదే. ఇక్కడ యార్ముకు నది. వేసవిలో ఇశ్రాయేలు దానిలో 1 కోటి 20 లక్షల ఘనపు మీటర్లు తీసుకుని మిగతాది జోర్డాన్‌కు వదలాలి. చలికాలములో జోర్డాన్ వాటా నుండి 2 కోట్ల ఘనపు మీటర్లు ఇశ్రాయేలు తోడుకుని, వేసవిలో అంతే నీరు గలిలయ సముద్రము దిగువన యోర్దాను నది నుండి తిరిగి ఇవ్వాలి. అంటే ఒకరి నీరు ఇంకొకరు దాచిపెట్టి, ఎండలు ముదిరినప్పుడు తిరిగి ఇవ్వడము. ఈ నమ్మకము ఒక్క రోజులో రాలేదు. రెండు దేశాలూ యుద్ధస్థితిలో ఉండగానే, దశాబ్దాలపాటు ఇరుపక్షాల నీటి ఇంజనీర్లు ఆ రెండు నదులు కలిసే చోటికి రహస్యముగా వచ్చి, ఒక బల్ల వేసుకుని, ఎన్ని నీళ్ళు, ఏ తూము అని మాట్లాడుకునేవారు. రాజులకు తెలుసు, ప్రజలకు తెలియదు. పంట కాలువ చివరి ఆయకట్టువారికి ఇది చెప్పనవసరము లేదు.

ఆ కలయిక దగ్గరే నహరాయిమ్ అనే చోట 1997 మార్చి 13న ఒక జోర్డాన్ సైనికుడు, విహారయాత్రకు వచ్చిన ఇశ్రాయేలు బడిపిల్లల మీద తుపాకీ పేల్చాడు. ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. వారిది బేత్షెమెషు, ఫిలిష్తీయులు మందసమును ఆవుల బండి మీద తిరిగి పంపినప్పుడు అది చేరిన ఊరు. మూడు రోజులకు హుస్సేన్ రాజు తానే ఆ ఊరు వెళ్ళారు. యూదుల దుఃఖదినాలలో కుటుంబము నేలకు దగ్గరగా కూర్చుంటుంది. రాజు ఒక్కొక్క ఇంటిలో ఆ తల్లిదండ్రుల ముందు మోకాళ్ళ మీద వంగి, నా బిడ్డ పోయినట్టే ఉంది అని చెప్పారు. అరబ్బు దేశాలలో చాలామందికి అది నచ్చలేదు. రాజు మోకరించడమేమిటి అన్నారు.

తరువాతి సంగతులు త్వరగా చెప్పి ముగిస్తాము. 2000 జూలైలో మళ్ళీ కేంప్ డేవిడ్‌లో బరాక్, అరాఫత్ పధ్నాలుగు రోజులు కూర్చున్నారు, మందిరపు కొండ దగ్గర విడిపోయారు. తప్పు ఎవరిదన్న దాని మీద ఇప్పటికీ పుస్తకాలు వస్తున్నాయి. ఆ సెప్టెంబరులో మొదలైన హింస ఐదేళ్లలో 3000 మందికి పైగా పాలస్తీనీయులను, సుమారు 1000 మంది ఇశ్రాయేలీయులను బలి తీసుకుంది. 2002 మార్చిలో అరబ్బు దేశాలన్నీ బేరూతులో కూడి, 1967 భూములు ఇస్తే మేమందరము సంధి చేసుకుంటాము అన్నాయి. అంతకు ముందు రాత్రే నెతన్యాలో పస్కా భోజనానికి కూర్చున్న 30 మందిని హమాస్ బాంబు చంపింది. ఆ ప్రతిపాదన చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? 2020లో ఎమిరేట్స్, బహ్రెయిన్ సంధి చేసుకున్నాయి, పాలస్తీనీయులు మళ్ళీ బల్ల దగ్గర లేరు. 2023 అక్టోబరు 7న సుమారు 1200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తరువాత గాజాలో చనిపోయినవారు పదుల వేలు, పిల్లలు ఎందరో. అక్కడి ప్రాచీన సంఘమైన పరిశుద్ధ పోర్ఫిరియస్ ఆలయ ప్రాంగణములో తలదాచుకున్న విశ్వాసులు కూడా వారిలో ఉన్నారు.

దానియేలు గ్రంథము మేము ఇప్పటికీ నమ్ముతాము, బోధిస్తాము. క్రీస్తు విరోధి వస్తాడనీ నమ్ముతాము. అయితే మధ్యవర్తిగా మెట్లు ఎక్కి దిగిన బంచ్‌ను, ఫోటోల మీద పేర్లు వ్రాసిన ఆ సండే స్కూలు టీచరును ఆ లెక్కలో ఎలా వేశామా అని సిగ్గుపడుతున్నాము. కొండమీది ప్రసంగములో ప్రభువు సమాధానపరచువారిని ఏమని పిలిచారో మేము పిల్లల చేత కంఠస్థము చేయించాము. చార్టు కట్టిన రోజున ఆ మాట మాకు గుర్తురాలేదు.

మన ప్రాంతము నుండి పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్ళివచ్చినవారిని అడిగి చూడండి. చాలామంది అమ్మాన్‌లో విమానము దిగుతారు, యోర్దాను దాటి ఇశ్రాయేలులోకి వెళ్తారు, దక్షిణాన తాబా దగ్గర సరిహద్దు దాటి సీనాయి కొండకు, అక్కడి నుండి కైరోకు పోతారు. మొదటి దారి 1994 తెరిచినది, రెండవది 1979 తెరిచినది. మా సంఘములో ఒక పెద్దమ్మ అలా వెళ్ళి సీసాలో యోర్దాను నీళ్ళు తెచ్చి అందరికీ చూపించింది. తాబా ఎలా ఉంది అని అడిగితే, "ఏముందయ్యగారూ, సంచులు మోసుకుంటూ లైనులో గంట నిలబడ్డాము, కాళ్ళు లాగేసినయ్" అన్నది.

ఇప్పుడు ఆదివారాలలో విజ్ఞాపన సమయాన ఇశ్రాయేలులో ఉన్న ఆ కూతురి పేరు, కువైట్‌లో ఉన్న ఆ కొడుకు పేరు, వాడి సేటు పేరు వరుసగా చదువుతున్నాము. సేటు పేరు మొదటిసారి చదివినప్పుడు కొందరు తలలెత్తి చూశారు. ఆ తల్లి మాత్రం గట్టిగా ఆమెన్ అంది. మీ ఇళ్లలోగానీ సంఘములోగానీ ఇశ్రాయేలులో, గల్ఫ్‌లో ఉన్నవారుంటే పేర్లు మాకు తెలియజేయండి, వారు పనిచేసే ఇంటివారి పేర్లు కూడా. బుధవారం ఉపవాస ప్రార్థనలో జ్ఞాపకము చేస్తాము.